మబ్బులపాడు బడి తాకీదు

మబ్బులపాడులో పొగమంచు ఎంత మెత్తనిదంటే, పక్షులు గూళ్లు కట్టడం మానేసి దాన్నే కప్పుకుని పడుకునేవి. ఆ ఊళ్లో చాటింపు వేసే సింగన్న డప్పు మీద ఒక్క దెబ్బ వేస్తే మూడు కొండల అవతల నిద్రపోతున్న మేఘం ఉలిక్కిపడి లేచి కూర్చునేది. అంతటి మొనగాడికీ అక్షరం ముక్క రాదు. ఊరి బడికి వెళ్లే కూతురు చిలకమ్మకైనా రావాలని అతని కల.

ఒకనాటి ఉదయం, రాజ్యంలోని బడుల మంచిచెడ్డలు తేల్చే మార్తాండయ్య పల్లకిలో వచ్చాడు. బడి గడప తొక్కనైనా లేదు. తెర తొలగించి, చిల్లులు పడిన పైకప్పును ఒక్క చూపు చూసి, ఆవులిస్తూ తాటాకు మీద తాకీదు రాసి పారేశాడు.

"చాటింపు వెయ్యరా! రేపటినుంచి ఇది నా గుర్రాల సాల."

సింగన్న తాకీదు అందుకున్నాడు. అయితే ఆ రాజ్యంలో ఊరి మనిషి పైకి చదివి వినిపించనిదే ఏ తాకీదూ చెల్లదు. అతను డప్పు మోగించి, ఊరంతా మూగాక, ఆ తాటాకును ఏడేళ్ల చిలకమ్మ చేతికిచ్చాడు.

"చదువు తల్లీ."

పిల్ల గొంతు మంచులో పిల్లనగ్రోవిలా తేలింది. "ఈ బడిలో ఒక్క పిల్లకీ చదవడం రాదు. కనుక దీన్ని మూసేయాలి."

ఊరు గొల్లున నవ్వింది.

"దొరా," అంటూ సింగన్న చేతులు కట్టుకున్నాడు, "పిల్ల చదివిందంటే మీ తాకీదు అబద్ధం. చదవలేదంటే తాకీదు చెల్లదు. ఏ మాట చాటమంటారు?"

పల్లకి తెర దిగింది. కాసేపటికి పల్లకీ మంచులో కరిగిపోయింది.

మర్నాడు పంతులుగారు ఆ తాటాకును పైకప్పు చిల్లులో దోపారు. ఆ తర్వాత వందేళ్ల వానల్లో ఒక్క చుక్క లోపల పడితే ఒట్టు!