యువరాజుగారి భోజనం

ఏటిగట్టుకోటను ఏలే మల్లభూపతికి ఉన్నట్టుండి కొడుకు చేత అన్నం తినిపించాలనిపించింది. కొడుకుకు అప్పటికి నాలుగో నెల. మెడ ఇప్పుడిప్పుడే నిలుస్తోంది.

దీనికంతటికీ కారణం పొరుగు రాజు. ఆయన కొడుకుదీ అదే ఈడు. వాడు అప్పుడే పులిహోర తింటున్నాడని ఆయన దూత నిండు సభలో చెప్పి పోయాడు. దూతలు చెప్పేవన్నీ నిజాలే అయితే యుద్ధాలు ఎందుకొస్తాయి? మల్లభూపతి అంత దూరం ఆలోచించే మనిషి కాదు. నమ్మేశాడు, కుళ్లుకున్నాడు, వెంటనే పరమాన్నం వండించాడు.

బంగారు గిన్నెలోంచి చెంచాతో పెట్టిన ఆ పరమాన్నాన్ని యువరాజు నాలుకతో బయటికి నెట్టేశాడు. మళ్లీ పెట్టారు, మళ్లీ నెట్టాడు. ఇంకోసారి పెడితే తండ్రి జరీ ఉత్తరీయం మీద ఊశాడు.

ఆస్థాన వైద్యుడు భీమేశ్వర శాస్త్రిని పిలిపించారు. ఆయనకు తెలియనిది లేదు. ఉందని ఎవరైనా అంటే ఊరుకునేవాడు కాదు. బిడ్డ రోజంతా ఏడుస్తున్నాడనీ, చిక్కిపోతున్నాడనీ దాది చెప్పింది. అది అన్నం కోసం ఏడుపేనని శాస్త్రి తేల్చేశాడు. తల్లిపాలు దొరికినన్నాళ్లూ వాడు మొండికేస్తూనే ఉంటాడనీ, శుక్రవారం నుంచి బిడ్డను తల్లికి దూరంగా వేరే మహల్లో ఉంచాలనీ, ఆకలేస్తే వాడే నోరు తెరుస్తాడనీ అన్నాడు.

రాణి చంద్రసాని పరుగున వచ్చింది. బిడ్డను తన ఒళ్లోంచి తీసుకుపోవద్దని భర్తను బతిమాలింది. రాజు మెత్తబడేవాడే కానీ, అంతలో పులిహోర గుర్తొచ్చింది. వైద్యుల మాట కాదనకూడదని తప్పించుకున్నాడు.

ఆ కొలువులో తిప్పన అని ఒకడున్నాడు. రాజుకు తోచనప్పుడు మాట్లాడటం, రాజుకు కోపం వచ్చినప్పుడు మాట్లాడకపోవడం అతని ఉద్యోగం. ఇంటి నిండా పిల్లలున్నవాడు. రాణిగారు ఏం భోంచేస్తున్నారని శాస్త్రిని మర్యాదగా అడిగాడు.

శాస్త్రి పొంగిపోయాడు. బాలింత పథ్యం తానే దగ్గరుండి చూస్తున్నాడట. పాత బియ్యపన్నం, కారప్పొడి, అదీ ఒక్కపూట. పప్పు వాతం, పెరుగు శీతం, కూరలు అసలే కూడవు. మంచినీళ్లు గుక్కెడు. పురుడు వచ్చిన నాటి నుంచీ ఇదే.

"నా పథ్యంలో ఉన్న బాలింత ఒక్కతె కూడా ఇంతవరకు ఎదురు చెప్పలేదు" అన్నాడు శాస్త్రి.

"ఎదురు చెప్పే ఓపిక ఎక్కడుంటుంది లెండి" అన్నాడు తిప్పన.

అక్కడి నుంచి నేరుగా రాజు దగ్గరికి వెళ్లాడు. వారం తిరిగేలోగా యువరాజు చేత అన్నం, పప్పు, కూర, పెరుగు అన్నీ తినిపిస్తానన్నాడు. కాకపోతే బిడ్డను తల్లి దగ్గరి నుంచి కదపకూడదు. యువరాజు కోసం ఏది అడిగినా వంటశాల కాదనకూడదు. శాస్త్రిగారు అంతఃపురం వైపు రాకూడదు. ఆయన ముఖం చూస్తే యువరాజుకు చెంచా గుర్తొస్తోంది.

రాజు మాటిచ్చాడు. తినకపోతే ఏం చేస్తావని వెనకే వచ్చిన శాస్త్రి అడిగాడు. దేశం విడిచిపోతానన్నాడు తిప్పన. అప్పుడు బిడ్డను వేరే మహలుకు మార్చాల్సిందేనని శాస్త్రి రాజు చేత ఒప్పించుకున్నాడు.

మర్నాటి నుంచి అంతఃపురానికి పళ్లేలు వెళ్లసాగాయి. పొద్దున్నే ఉప్పుడుపిండి. మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి, మెంతికూర, ములక్కాడల పులుసు. సాయంత్రం నువ్వుండలు, రాత్రి పెరుగన్నం. కూజాలకు కూజాలు మజ్జిగ. నిండుగా వెళ్లిన పళ్లేలు ఖాళీగా తిరిగొచ్చాయి. వంటవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రాజు మాత్రం సభలో మీసం మెలేశాడు. పొరుగు రాజు కొడుకు పులిహోర తింటే తిన్నాడు, మావాడు ములక్కాడలు నములుతున్నాడని చాటాడు. పళ్లు లేని పిల్లాడు ములక్కాడ ఎలా నములుతాడని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

గడువు రోజున రాజు శాస్త్రిని వెంటబెట్టుకుని అంతఃపురానికి వెళ్లాడు. రాణి అరిటాకు ముందు కూర్చుని భోంచేస్తోంది. ఒళ్లో బిడ్డ పైటచాటున పాలు తాగుతున్నాడు. బంగారు గిన్నె ఒక మూల బోర్లించి ఉంది. తిప్పన గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తినేది రాణి కదయ్యా" అన్నాడు రాజు. గొంతులో కోపం ఉంది.

పథ్యం మంట గలిసిందనీ, ఇది పచ్చి మోసమనీ, తిప్పనను ఇప్పుడే పొలిమేర దాటించాలనీ శాస్త్రి అందుకున్నాడు. రాణి చేతిలో ముద్ద ఆగిపోయింది. రెండో చేత్తో బిడ్డను గట్టిగా పొదువుకుంది.

తిప్పన తొణకలేదు.

"యువరాజు తింటూనే ఉన్నారు ప్రభూ. ఇంకా పళ్లు రాలేదు కనుక, ప్రస్తుతానికి అమ్మగారి నోటితో తింటున్నారు."

రాజు శాస్త్రి వైపు తిరిగాడు.

"అన్నం కోసం ఏడుపేనని శాస్త్రిగారు సరిగ్గానే చెప్పారు ప్రభూ. ఆకు ఎవరి ముందు వెయ్యాలన్న దగ్గరే చిన్న పొరపాటు పడ్డారు" అన్నాడు తిప్పన.

రాజు వంగి కొడుకును చూశాడు. బిడ్డ పాలు వదిలేసి అప్పుడే నిద్రలోకి జారుకున్నాడు. బుగ్గలు నిండాయి. పెదవి చివర పాలచుక్క ఉంది. ఈ గదిలో బిడ్డ ఏడుపు వినకుండా తను నిలబడటం ఇదే మొదటిసారి అని రాజుకు తట్టింది. పైగా ములక్కాడల సంగతి సభంతా విన్నది. తిప్పనను వెళ్లగొడితే ఆ మాట ఏమవుతుంది?

చాలాసేపు గడ్డం నిమురుకుని, రాణిని అడిగాడు. "యువరాజుకు కడుపు నిండిందా?"

రాణి ఆకు వంక చూసుకుంది.

"ఇంకొంచెం గుత్తివంకాయ కావాలంటున్నాడు ప్రభూ."

రాజు పగలబడి నవ్వబోయి, నిద్రపోతున్న కొడుకును చూసి ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ మెళ్లోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు. వంకాయ కూర గిన్నె, గరిటె శాస్త్రి చేతికిచ్చి, యువరాజుగారికి కొసరి కొసరి వడ్డించమన్నాడు.