గట్టయ్య ఎత్తుకపోని పిన్ను

చిన్న కథే. చాయ్ చల్లారేలోపు అయిపోతుంది.

అనగనగా ఒక బొగ్గు బాయి, బాయి కడుపులో కూలీలను పనికి దింపే ఒక ముసలి రైలు. బాయి ముందు బుచ్చక్క చాయ్ కొట్టు. ఆ చాయ్ పోసినప్పుడే చల్లగా ఉండేది. పొయ్యి మారుస్తానని ఆమె మొగుడు పెళ్లిపీటల మీద మాటిచ్చాడు. మనవలు పుట్టారు, పొయ్యి మారలేదు. బాయి కూలీ రాజేశం ఆ చాయ్‌నే ఊదుకుంటూ తాగేవాడు. అలవాటు. సరే, రైలు సంగతి.

రైలు చక్రాలకు గ్రీసు పెట్టేవాడు గట్టయ్య. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఒక కొక్కెం, కొక్కేనికి ఒక పిన్ను. పిన్ను ఊడితే వెనుక పెట్టెలు ఏటవాలులో వాటి దారిన అవి పోతాయి, కూర్చున్నవాళ్లతో సహా.

"ముసలి బండి. ఎక్కేముందు ఎవని పిన్ను వాడు గుంజి సూస్కోండ్రి. నా రెండు చేతులు ఎన్నిటికని సాలుతయ్?" అని గట్టయ్య బతిమాలాడు. ఎండకాలం చెప్పాడు, నవ్వారు. వానకాలం చెప్పాడు, నవ్వారు. చలికాలం చెప్పాడు, నవ్వడం కూడా మానేశారు.

తర్వాత ఒక మాట పుట్టింది. గట్టయ్య పిన్నులు ఎత్తుకపోయి పాతినుముకు అమ్ముకుంటున్నాడట.

ఆ మాట కూలీల ముఠాపెద్ద, సర్దారు ఓదెలు చెవిన పడింది. అతని మనుషులు కూర్చునేది ఆఖరి పెట్టెలో. ఓదెలు మామూలుగానే ఎవరినీ నమ్మడు. కోడి కూసినా బయటికొచ్చి సూర్యుణ్ణి చూసుకునేవాడు. ఆనాటి నుంచి ఎక్కేముందు పిన్ను గుంజాడు, అందరితో గుంజించాడు. అనుమానం పక్క పెట్టెలకూ అంటుకుంది.

"గట్టయ్య ఎత్తుకపోయిండా?"

"లేదు, ఉన్నది."

వదులు పిన్ను దొరికితే గట్టయ్యను తిట్టేవారు. గట్టయ్య తల వంచుకొని వచ్చి బిగించేవాడు.

కొన్నేళ్లకు గట్టయ్య పోయాడు. పాడె బరువుగా ఉందని రాజేశానికి అనుమానం. పిన్నులున్నాయేమోనని గుడ్డ ఎత్తి చూశారు. గట్టయ్యే ఉన్నాడు.

దినాలయ్యాక ఓదెలు ఆ ఇంటికి వెళ్లాడు. అటుక వెతికాడు, నీళ్ల గాబు వెతికాడు, కోళ్లగూడు వెతికాడు. "పొయ్యిల గూడ సూడు తమ్మీ" అంది గట్టయ్య పెళ్లాం లస్మక్క. ఒక్క పిన్ను లేదు.

ఓదెలు రాజేశాన్ని పట్టుకున్నాడు. "దొంగ అని నీకెవలు చెప్పిండ్రు?"

"బుచ్చక్క."

బుచ్చక్కను అడిగాడు.

"గట్టయ్యనే చెప్పిండు. 'అక్కా, నన్ను దొంగ అని నలుగురికి చెప్పు. మంచిగ చెప్తే ఒక్కడు ఇంటలేడు' అన్నడు. నలుగురికి చెప్పుడు నాకేమన్న కొత్తనా?"

ఓదెలు చల్లటి చాయ్ అడుగుదాకా తాగాడు. నిజం చెప్పేద్దామని బాయిలోకి పోయాడు. రాజేశం అప్పటికే పెట్టెలో కూర్చున్నాడు.

"గట్టయ్య సచ్చిండు గదా సర్దారూ. ఇంక గుంజుడెందుకు?"

ఓదెలు నోటిదాకా వచ్చిన మాటను మింగాడు.

"సచ్చినోనికి తాళాలు అడ్డమా? దిగి గుంజు."

రాజేశం దిగి గుంజాడు. పిన్ను చేతికొచ్చింది.

"సూసినవా, వచ్చిపోయిండు!" అని రాజేశం కేకేశాడు.

ఓదెలు ఆ నిజం ఎవరికీ చెప్పలేదు. బుచ్చక్క ఊరంతా చెప్పింది. ఆమె చెప్పినవాటిలో జనం నమ్మనిది ఆ ఒక్కటే.

ఇప్పటికీ అక్కడ రైలెక్కే ముందు పిన్ను గుంజి "గట్టయ్య ఎత్తుకపోయిండా?" అంటారు. "లేదు, ఉన్నది" అంటేనే కూర్చుంటారు. ఆ రైలు ఒక్క పెట్టెనూ జారవిడవలేదు. గట్టయ్యను ఈనాటికీ దొంగ అనే అంటారు.