కోయకుండా ఆగిన రొట్టె

"రబ్బీ, ఆదివారం బండికి వెళ్లిపోతున్నాను," అన్నాడు అన్షెల్.

యూదుల మతగురువు రబ్బీ జెలిగ్ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "ఎక్కడికి?" అన్నాడు.

"ఎక్కడైతేనేం? నేనున్నా లేకున్నా ఎవరికీ లోటు లేదు."

భార్య పోయాక అన్షెల్ ఆ మంచు ఊరికి రబ్బీ దగ్గర ధర్మశాస్త్రం చదువుకోవడానికి వచ్చాడు. ఊళ్లోని యూదులు మంచివాళ్లే. పలకరించేవారు, పలకరించి ఎవరిళ్లకు వాళ్లు పోయేవారు. శుక్రవారం సాయంత్రం, సబ్బాతు విశ్రాంతి దినం మొదలయ్యే వేళ, అతను గదిలో ఒక్కడే రొట్టె ముందు కూర్చుని దేవుణ్ణి స్తుతించేవాడు. ఎవరి స్తుతికి వాళ్లే ఆమెన్ చెప్పుకోకూడదని వాళ్ల ఆచారం. పక్కనున్నవాళ్లు చెప్పాలి. అతని పక్కన ఖాళీ కుర్చీ ఉండేది.

"నా ప్రార్థనకి ఆమెన్ అనే దిక్కు లేదు రబ్బీ. ఆ రొట్టె గొంతు దిగడం లేదు. దేవుడైనా వింటున్నాడో లేదో!"

ఇంకో గురువైతే నాలుగు ఓదార్పు మాటలు చెప్పేవాడు. జెలిగ్‌కి ఆ విద్య రాదు.

"వెళ్లేవాడివి ఎలాగూ వెళ్తావు. శుక్రవారం మా ఇంట్లో తిని వెళ్లు."

శుక్రవారం పొద్దుగూకేసరికి రబ్బీ ఇల్లు జనంతో నిండిపోయింది. అన్షెల్ బల్ల చివర, తలుపు పక్కన ఒదిగి కూర్చున్నాడు. అంతమందిలో ఒంటరితనం మరీ ఎక్కువైంది.

రబ్బీ రొట్టె మీది గుడ్డ తీసి స్తుతి చెప్పాడు. "ఆమెన్!" అని ఇల్లంతా మోగింది. అన్షెల్ నోరు విప్పలేదు. ఇందరి మధ్య తన గొంతు ఎవరిక్కావాలి?

రబ్బీ కత్తి రొట్టె మీద ఆగిపోయింది.

అందరి ఆమెన్ ముగిసేదాకా రొట్టె కోయకూడదు. అది తినేదాకా ఎవరూ మాట్లాడకూడదు. పిల్లలు ఆబగా రొట్టె వంక చూస్తున్నారు. చారు చల్లారిపోతోందని రబ్బీ భార్య ఫ్రూమా గరిటెతో సైగ చేసింది. రబ్బీ తల దించుకుని అలాగే ఉన్నాడు.

ఎవరు అనలేదా అని అన్షెల్ కూడా అటూ ఇటూ చూశాడు. చూసి చూసి అతని ముఖం ఎర్రబడింది.

"ఆమెన్," అన్నాడు. సగం ఏడుపే.

కత్తి దిగింది. ముక్కలు చేతులు మారి బల్ల చివరిదాకా వచ్చాయి.

రబ్బీ మొదటి ముద్ద నమిలి మింగి, అప్పుడు తలెత్తాడు.

"ఇంతసేపు ఆకలితో మాడ్చావేమయ్యా అందర్నీ! వచ్చే వారం కాస్త త్వరగా అను."