నూకాలు తలుపుకు అంటించిన తాకీదు

అనగనగా అంటాను, మీరు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టనివాళ్లకు ఈ కథ సగమే వినబడుతుంది.

ఒక రాజ్యం ఉండేది. దానికి తూర్పున సముద్రం, సముద్రం ఒడ్డున ఉప్పుమడులు. అందులో ఒక చిన్న మడి నూకాలుది. ఆమె, ఆమె మొగుడు సింహాచలం ఎండలో ఉప్పునీళ్లు పారించి, ఉప్పు తేలాక చెక్కపారతో లాగి కుప్ప పోసేవాళ్లు. పున్నమికి పున్నమికి రాజుగారి మనుషులు వచ్చి, తూచి, డబ్బిచ్చేవాళ్లు.

మరి పున్నమి వచ్చేదాకా ఏం తినాలి? ఆ ఆకలిలోంచే తూకం అప్పు పుట్టింది. తూకం రోజు ఇచ్చేస్తానని తీసుకోవడం, ఆ రోజున తీర్చలేక మళ్లీ తీసుకోవడం. ఇచ్చేవాడు లావెక్కేవాడు, తీసుకున్నవాళ్లు చిక్కిపోయేవాళ్లు.

పదేళ్ల కిందట సింహాచలానికి జ్వరమొస్తే నూకాలు ఐదు రూకలు తూకం అప్పు తెచ్చింది. నాలుగు తూకాల్లో నాలుగు రూకలు తీర్చింది. ఐదోది చెంగున ముడేసుకుని కార్తీకంలో వెళ్లేసరికి అప్పిచ్చిన ముసలాయన కాలం చేశాడు. కొడుకు ఊరొదిలి పోయాడు. ఆ రూక ఎవరికివ్వాలో తెలియక ఆమె అట్టే పెట్టుకుంది.

ఇలా ఉండగా ఒక వైశాఖంలో వరహాలయ్య అనే వ్యాపారి ఊడిపడ్డాడు. ఆయన బియ్యం అమ్మడు, బట్టలు అమ్మడు. చచ్చిపోయినవాళ్ల అప్పుపత్రాలు గంపకు మూడు రూకలిచ్చి కొని, బతికున్నవాళ్లను పీక్కు తింటాడు. ఎంత మర్యాదైన వ్యాపారమో చూడండి! ఆ ముసలాయన పత్రాల గంపా అలాగే ఆయన చేతికొచ్చింది.

మొదటిసారి మడి గట్టు మీద నిలబడి, ఊరంతా వినేలా కేకలేశాడు.

"ఏమే నూకాలూ! ఐదొందల రూకలు కక్కుతావా, నలుగురిలో పరువు తీయమంటావా?"

నూకాలు పార ఆపలేదు. "నాను తెచ్చింది ఐదు బాబూ. అవి ఏ పాలు తాగి ఇంత లావయ్యాయి?"

పక్కమడులవాళ్లు పకపకా నవ్వారు. వరహాలయ్య గొడుగు విసురుగా మూసి వెళ్లిపోయాడు.

రెండోసారి జ్యేష్ఠంలో వచ్చాడు. ఈసారి చేతిలో బెల్లం ముద్ద, నోట్లో అంతకన్నా తీపి మాట.

"తల్లీ, నీ కష్టం నాకు తెలియదా? ఒక్క రూక ఇవ్వు. ఈ తాటాకు మీద వేలిముద్ర వెయ్యి. మిగతాది మెల్లగా చూసుకుందాం."

సింహాచలం మెత్తని మనిషి. పెళ్లాం చెవిలో గొణిగాడు. "ఏసేద్దామే. ఒక్క రూకతో పీడ వదిలిపోద్ది."

"పీడ వదలదు, పట్టుకుంటాది" అంది నూకాలు. "ఆ ఆకులో ఐదొందలని రాసుంటాది. ఏలు ఆనించానంటే అంతా ఒప్పుకున్నట్టే. బాబూ, నీ బెల్లం నువ్వే తిను. నా ఏలు నా కాడే ఉంటాది."

మూడోసారి ఆషాఢం ఆఖర్న, నూకాలు మొగుడితో నాట్లకు కూలికి వెళ్లిన పొలానికే వచ్చాడు. వెంట ధర్మసభ బంట్రోతు కూడా ఉన్నాడు. బంట్రోతు పాత తాటాకొకటి తీసి గొంతు సవరించుకుని చదివాడు.

"పదేళ్ల కిందట శ్రావణ మాసంలో, ఉప్పుమడిలో నూకాలు గుడిసె తలుపుకు సభవారి తాకీదు అంటించడమైనది. ఆమె సభకు రాలేదు. రానందున బాకీ ఒప్పుకున్నట్టే భావించి తీర్పు చెప్పడమైనది. బాకీ చెల్లించకపోతే మడి జప్తు."

"వచ్చే పున్నమికి నీ మడి నాది" అన్నాడు వరహాలయ్య.

ఆ మడి పోతే వాళ్లకు రేపు పొయ్యి వెలగదు. తన పేరు మీద తీర్పుందని పదేళ్లలో ఒక్కరూ చెప్పలేదు! నూకాలుకు భయం వేసింది, దాని వెనకే ఒళ్లు మండింది.

"బంట్రోతు బాబూ, ఆ తాకీదు ముక్క ఇంకోపాలి సదువు."

అతను చదివాడు. ఆమె మళ్లీ చదవమంది. మూడోసారి విన్నాక చేతుల బురద కడుక్కుంది.

"పద, సభకెల్దాం" అంది మొగుడితో.

"పెద్దోళ్లతో మనకెందుకే?"

"పెద్దోళ్లే మన కాడికొచ్చారు. మనం తిరిగెల్లొద్దేటి?"

రెండు రోజులు వానలో నడిచి కోట చేరారు. ధర్మాధికారి కొండల నడుమ పుట్టి పెరిగినవాడు. ఉప్పు విస్తట్లో చూడటమే గాని మడిలో చూసి ఎరుగడు.

"ఎప్పుడో అయిపోయిన తీర్పమ్మా ఇది. పదేళ్లకు వచ్చి అడిగితే ఎలా?"

"నాకు తెలిసింది మొన్న బాబూ. నా లెక్కకి అది మొన్న పుట్టిందే."

"అప్పు తీసుకోలేదంటావా?"

"తీసుకున్నాను. ఐదు తెచ్చాను, నాలుగు తీర్చాను, ఒకటుండిపోయింది. అబద్ధమాడటానికి ఇంత దూరం నడవలేదు."

పత్రాల గంపతో సభకొచ్చిన వరహాలయ్య ఎగిరి గంతేశాడు. "ఒప్పుకుంది ప్రభూ! తన నోటితోనే ఒప్పుకుంది!"

"ఒకటి ఒప్పుకున్నాను. ఐదొందలు కాదు. ఇంటికి పిలుపే రాకుండా ఇచ్చిన తీర్పు అసలే ఒప్పుకోను" అని ఆమె బంట్రోతు వైపు తిరిగింది. "నా తలుపుకి అంటించింది నువ్వేనా బాబూ?"

"నేనే" అన్నాడు బంట్రోతు, నేల చూపులు చూస్తూ.

"ధర్మాధికారి బాబూ, ఇప్పుడూ శ్రావణమే. ఇతన్నే పంపండి. ఉప్పుమడిలో నా గుడిసె తలుపుకి ఇంకో తాకీదు అంటించి రమ్మనండి. అంటించాడా, మడి ఈ చనమే ఇచ్చేస్తాను."

సభలో గుసగుసలు రేగాయి. వరహాలయ్య ముఖం వెలిగింది. బంట్రోతు ముఖం మాత్రం పాలిపోయింది. సాక్ష్యానికి ఇద్దరు భటుల్నిచ్చి ధర్మాధికారి అతన్ని పంపించాడు.

నాలుగో రోజు బంట్రోతు తిరిగొచ్చాడు. ఛాతీ దాకా బురద. చేతిలో తడిసి ముద్దయిన తాకీదు.

"తలుపుకు అంటించావా?"

"తలుపు కనబడలేదు ప్రభూ."

"గుడిసె?"

"గుడిసే కనబడలేదు ప్రభూ."

"కనీసం మడి?"

"అదీ కనబడలేదు ప్రభూ. ఎటు చూసినా నీళ్లే."

నవ్వు ఆపుకుంటూ కాపలావాళ్లు మీసాలు కొరుక్కున్నారు.

"తొలకరి పడిందంటే ఉప్పోళ్లెవరూ మడుల్లో ఉండరు బాబూ" అంది నూకాలు. "గుడిసెలిప్పేసి, తలుపు నెత్తినెట్టుకుని మెరక మీదకెల్లిపోతాం. కార్తీకం దాకా అక్కడ నడుంలోతు నీళ్లు. ఏటేటా ఇదే మా వాడుక. శ్రావణంలో నా తలుపు మెరక మీద, నా కొత్త పాకకుంటాది. మరి ఇతను మడిలో ఏ తలుపుకి అంటించాడో అడగండి."

బంట్రోతు మోకాళ్ల మీద పడ్డాడు. ఆనాడు ముసలాయన రెండు రూకలిస్తే సత్రం అరుగు మీద కూర్చునే తాకీదు అంటించినట్టు రాసేశానని చెప్పాడు.

ధర్మాధికారి ఆ తీర్పు తాటాకును రెండుగా విరిచాడు. "నీ మడి నీదేనమ్మా. ఇక వెళ్లిరా."

నూకాలు కదలలేదు.

"ఆ గంపలో ఇంకెన్ని తీర్పులున్నాయో చూడండి బాబూ. అవీ శ్రావణంలోవేనేమో."

వరహాలయ్య గంపను రెండు చేతులా వాటేసుకున్నాడు. భటులు లాక్కుని దిమ్మరించారు. పదిహేడు ఉప్పు కుటుంబాల మీద పదిహేడు తీర్పులు. అన్నీ ఆ శ్రావణంలోవే, అన్నీ ఆ సత్రం అరుగు మీది రాతతో పుట్టినవే. ధర్మాధికారి వరసగా విరుస్తుంటే చిటపటమని చప్పుడొచ్చింది. ఆ చప్పుడు నూకాలు చెవులకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. బంట్రోతు కొలువు ఊడింది.

"మూడు రూకలు పోసి కొన్నాను ప్రభూ!" అని వరహాలయ్య లబలబలాడాడు.

"ఈమె బాకీ ఒక రూక, దానికి వడ్డీ ఇంకో రూక. అంతే నీకు దక్కేది" అన్నాడు ధర్మాధికారి.

నూకాలు చెంగు ముడి విప్పి, దాచిన రూకకు నాట్ల కూలి రూక కలిపి రెండూ ఆయన ముందు పెట్టింది. వరహాలయ్య చెయ్యి చాపాడు. ఆమె వాటి మీద అరచెయ్యి మూసింది.

"ముందు చెల్లుచీటీ రాయండి."

"రెండు రూకలకు చీటీయా?"

"ఐదొందలకి ఆకు రాయించుకున్నారు కదా. రెండింటికి ఎందుకు రాయరు?"

వరహాలయ్య పళ్లు నూరుకుంటూ రాశాడు. సభ లేఖకుడి చేత ఆమె దాన్ని పైకి చదివించుకుంది. సరిగ్గా ఉందని తేలాకే చెయ్యి తీసింది.

పిల్లలూ, ఉన్న బాకీని దాచకండి, లేని బాకీకి జడవకండి. మీకు వినిపించకుండా ఇచ్చిన తీర్పుకు తల వంచకండి, ఎదురెళ్లి అడగండి.