మంత్రసానికి మేర

వాగులకు ఇంకా పేర్లు పెట్టని కాలం ముచ్చట ఇది. అప్పటికే కొట్లాట మూడేండ్లది. నడుమకెల్లే చెప్పుకుందాం.

"లేదంటే లేదు," అన్నడు ముత్తన్న పటేల్. "కమ్మరికి మేర ఉన్నది. వడ్లాయనకు మేర ఉన్నది. కుమ్మరికి మేర ఉన్నది. మంత్రసానికి ఏడున్నది?"

"లేకుంటె పెట్టు," అన్నది లసుమవ్వ. "పుట్టించిన చేతికి పిడికెడు లేదా?"

"నిన్నగాక మొన్నొచ్చినవ్. మా ఊరికి కట్టుబాటు నేర్పుతవా?"

మేరంటే వాటా. పంట తూరుపెత్తినంక, గింజ ఇంటికి పోకముందే, ఏడాదంతా పని చేసినోళ్ళకు కల్లంలనే కొలిచిస్తరు. అది ఇయ్యకుంటె రాశి కదలదు. ఇంతకు ఈ లసుమవ్వ ఎవలు?

లసుమవ్వ, ఆమె పెనిమిటి గంగన్న ఎటునుంచో బతుక వచ్చినోళ్ళు. ఒక మేక, ఒక గొడ్డలి, కొంగుల ముడేసిన గోధుమ విత్తనం. అంతే వాళ్ళ ఆస్తి. ఊరోళ్ళు వాళ్ళకు వాగవతల జాగ చూపెట్టిండ్రు. రేగు కంప, రాళ్ళు, పాములు. "కొట్టుకున్నంత మీదే," అన్నడు పటేల్, మీసాలల్ల నవ్వుకుంట.

కంప కొట్టిండ్రు. రాయి ఏరిండ్రు. మోడు పీకిండ్రు. అప్పుడు లసుమవ్వకు నెలలు నిండినయ్. రాయెత్తుతుంటె నొప్పులొచ్చినయ్. గంగన్న తాడు తెగిన లేగలెక్క చుట్టూ ఉరుకుతున్నడు. వాగవతల కేక ఇనబడి ఊరి మంత్రసాని బాలవ్వ వచ్చింది. చీర మోకాళ్ళమీదికి దోపుకొని నీళ్ళు దాటింది. పిల్లగాన్ని తీసింది, బొడ్డు కోసింది, చేతులు కడుక్కున్నది.

"ఇంత గంజున్నదా బిడ్డా?" అన్నది.

లేదు. ఆ ఇంట్ల ఆ పూట ఏమీ లేదు. బాలవ్వ ఒట్టి చేతులతోని తిరిగి వాగు దాటింది. ఆ చేతులు లసుమవ్వ కండ్లల్ల నిలిచిపోయినయ్.

ఊరంతా జొన్న వేసేది. వీళ్ళు గోధుమ చల్లితె నవ్విండ్రు. "మంచుకే పండుతదట, చూద్దాం తియ్!" పండింది. మొదటి రాశి కాడికి లసుమవ్వ బాలవ్వను పిలిచి కుంచం నిండ కొలిచి ఒడిల పోసింది. పటేల్ చెవుల పడ్డది. "కమ్మరీ, వాళ్ళ నాగలి కర్రు ముట్టకు," అన్నడు.

"మనకెందుకే ఈ లొల్లి?" అన్నడు గంగన్న.

"పుట్టించిన చేతికి పిడికెడు లేదా?" అన్నది. గంగన్న కర్రు భుజాన వేసుకొని పక్కూరికి నడిచిండు.

రెండో పంట. బాలవ్వకు మళ్ళ కొలిచింది. పటేల్ ఈసారి నాగలి చెక్కే వడ్లాయనను ఆపిండు. గంగన్న తనే కట్టె చెక్కి నాగలి చేసిండు. వంకర నాగలి, వంకర సాలు. సాలు వంకరైనా మొలక నిటారుగనే వచ్చింది.

మూడో పంట. పటేల్ ఊరందర్ని ఎంబడేసుకొని కల్లం కాడికే వచ్చిండు. "ఈసారి ఆమెకు కొలిస్తివా, భూమి ఊరిది. మీరు అవతలికి," అన్నడు. ఇగో, మనం మొదలువెట్టిన కొట్లాట ఇదే.

లసుమవ్వ చేట కింద వెట్టింది. రాశి మనిషి ఛాతీ ఎత్తున్నది. మూడేండ్ల చెమట అది.

"సరే పటేలా. అందరు ఇనుండ్రి," అన్నది. "బాలవ్వ చెయ్యిగాని, ఆమె తల్లి చెయ్యిగాని పడకుండ పుట్టినోళ్ళు ఈ ఊరి బిడ్డలల్ల ఒక్కరుంటె ముందలికి రాండ్రి. రాశి ఎత్తుకపోండ్రి. భూమి తీసుకోండ్రి. పిల్లగాన్ని సంకనేసుకొని నేను వాగు దాటుత. ఎవలూ రాకుంటె, మంత్రసానికి మేర. ఊరంతా, ప్రతి కల్లంల."

గంగన్న ముందలికి ఉరికొచ్చిండు. "ఓసి నీ..." అని సగంల ఆగిండు.

కమ్మరి వడ్లాయన దిక్కు చూసిండు. వడ్లాయన కుమ్మరి దిక్కు చూసిండు. కుమ్మరి తన కాళ్ళ దిక్కు చూసుకున్నడు. ఎవలూ కదల్లే.

"నేనున్న," అన్నడు పటేల్. "నేను మా అమ్మమ్మ ఊర్ల పుట్టిన." వచ్చి రాశిల చెయ్యి వెట్టి పిడికెడు గోధుమలు పట్టిండు.

ఈ సంగతి లసుమవ్వకెరుక లేదు. పిల్లగాని కోసం చెయ్యి చాపింది.

"ఆగురా!" అని వెనుకకెల్లి కేకతోని కట్టె చప్పుడైంది. పటేల్ తల్లి రుకుమవ్వ. "నువ్వు అమ్మమ్మ ఊర్ల పుట్టలే. ఆ ఊరికి పోతుంటె తొవ్వల, బండ్ల పుట్టినవ్. బాలవ్వ తల్లి నా ఎంబడే ఉండె. పుట్టినంక నువ్వు ఏడ్వలే. కాళ్ళు పట్టి తలకిందులు చేసి నాలుగు సరిచింది. అప్పుడు తెరిచినవ్ నోరు. ఇంకా మూస్తలేవు!"

కల్లం కల్లమంతా పగలబడి నవ్వింది. కమ్మరికి నవ్వి నవ్వి పొరవోయింది.

"మరి ఆమెకు ఏమిచ్చిండ్రవ్వా?" అని అడిగింది లసుమవ్వ.

"ఏమిస్తిమి? ఒక పాత చీర. అది సుత చినిగిందే."

పటేల్ పిడికిలి ఇంకా మూసే ఉన్నది. లసుమవ్వ బాలవ్వను ముందలికి గుంజి ఆమె కొంగు పట్టింది. "ఇందుల పొయ్ పటేలా." పోసిండు. "ఇది నా గింజ. నీ ఇంటి బాకీ అట్లనే ఉన్నది."

"ఇస్త తియ్," అన్నడు.

కమ్మరి కర్రు సాగగొట్టిండు. వడ్లాయన నాగలి సక్కజేసిండు. కుమ్మరి కొత్త కుండ తెచ్చిండు. పంచాతి కాడ మొగోళ్ళ నడుమ లసుమవ్వకు ఒక బండ వేసిండ్రు. ఆమె దాని మీద కూసోని మాట్లాడింది. బాయి ఎక్కడ తవ్వాలె, తొవ్వ ఎటు తియ్యాలె, అన్నిట్ల ఆమె మాట ఉన్నది. ప్రతి పంటకు పటేల్‌ను ఆ బాకీ అడిగింది. ప్రతి పంటకు పటేల్ "వచ్చే కారుకు" అన్నడు.

ఒకనాడు లసుమవ్వ పోయింది. మనుషులన్నంక పోతరు. బాలవ్వ అప్పటికి నడుము వంగిన ముసలిది. ఆమెనే నీళ్ళు పోసి సాగదోలింది.

ఆ ఏడు మొదటి కల్లంల రాశి కాడ అందరు నిలవడ్డరు. అడిగే మనిషి లేదు. కమ్మరే ముందలికొచ్చి పిడికెడు తీసి పక్కకు పోసిండు. "పుట్టించిన చేతికి," అన్నడు. ఇయ్యాలటికి ఆ దిక్కు ఆ మాట అనంది కుంచం ముట్టరు. ఎవలన్న ఇచ్చేకాడ నసిగితె, "లసుమవ్వ బండ చూపెట్టాల్నా?" అంటరు. ఆ బండ ఇంకా ఉన్నది. ఫిర్యాదున్నోళ్ళు, ఆడైనా మొగైనా, దాని మీదనే కూసుంటరు.

ఇగ పటేల్ ముచ్చట. ఆ ఏడే గంగన్న కాడికి పోయి విత్తనం అడుక్కున్నడు. జొన్న చేన్ల గోధుమ చల్లిండు. పండినంక బండి కట్టుకొని తనే బాలవ్వ గుడిసె ముందల దిగిండు. తన పుట్టుకకు ఒక కుంచం. ముగ్గురు తమ్ములకు మూడు. ఏడుగురు బిడ్డలకు ఏడు. పదకొండు కుంచాల గోధుమలు, మీద ఒక పిడికెడు.