నిలబడమన్నారు, నిలబడ్డాం

నల్లమల అడవిలో ఒక రాతి చరియ కింద రేచుకుక్కలనే అడవికుక్కల గుంపు కాపురం ఉండేది. గుంపుకు పెద్ద మద్దిలేటి. ఒంట్లో బలముంది, వేటలో దిట్ట. కాకపోతే తాను మాట్లాడుతుంటే ఇంకొకరు నోరు తెరవడం సహించలేడు.

రేచుకుక్కలు ఈలలు వేసి ఒకరినొకరు పిలుచుకుంటాయి. ఒకనాడు వేట మధ్యలో ఓబులమ్మ అనే ఆడకుక్క ఈల వేసి, "పెద్దన్నా, ఇటు వద్దు! గాలి మన మీదుగా అటు పోతోంది. దుప్పులు వాసన పట్టేస్తాయి" అంది.

మద్దిలేటి వినలేదు. దుప్పులు వాసన పట్టి పారిపోయాయి. అందరి ముందూ తన మాట తప్పయిందని అతనికి ఒళ్లు మండింది.

"ఇవాళ్టి నుంచి ఈల నేనొక్కడినే వేస్తాను. నా ఈల వినపడితే ఎక్కడివాళ్లు అక్కడ నిలబడాలి. ఓబులమ్మ అందరూ తిన్నాకే తింటుంది" అన్నాడు.

"సరే పెద్దన్నా" అన్నారు అందరూ.

ఆ రోజు నుంచి మద్దిలేటి చెవిన పడ్డది ఆ ఒక్క మాటే. మొదట్లో హాయిగానే ఉంది. తర్వాత తర్వాత, చరియ కింద నవ్వులు వినిపించి దగ్గరికి వెళ్తే నవ్వులు ఆగిపోయేవి. కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. అతను కాసేపు అక్కడే తచ్చాడి, ఏదో పని ఉన్నట్టు వెనక్కి వచ్చేవాడు.

తిరుపాలు అనే నక్క ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. ఒక పొద్దున గుంపు చరియ దగ్గరే పెద్ద దుప్పిని పడగొట్టింది. పిల్లలు ఆకలితో నకనకలాడుతున్నాయి. ఇంకా ఎవరూ ముట్టకముందే తిరుపాలు వచ్చాడు.

"మద్దిలేటన్నా, ఇంతమందికి ఇది ఏ మూలకి? గట్టు అవతల వాగులో దుప్పుల మందే దిగింది. మీలాంటి మొనగాడు వెళ్తే కాదంటాయా? దీని మీద కాకి వాలకుండా నేను చూసుకుంటాగా."

మద్దిలేటి గుంపు వైపు తిరిగాడు. "ఏమంటారు?"

తిరుపాలు వెనకాల పొదలో అతని చుట్టాల తోకలు కదులుతూ అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. ఓబులమ్మ తల దించుకుంది.

"సరే పెద్దన్నా."

గట్టు దాటారు. మద్దిలేటి అందరికన్నా ముందు పరుగెత్తాడు. వాగులో మంద లేదు, గిట్టల జాడ కూడా లేదు. అంచున మట్టి విరిగి, అతను వాగు నీళ్లు కోసిన లోతైన కోతలోకి జారిపోయాడు. ముందుకాలు బెణికింది. రెండు పక్కలా నిలువు గట్లు.

ఈల వేశాడు. ఎవరూ రాలేదు. మళ్లీ వేశాడు. పైన ఆకులు కదిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంతమందికి పెద్దనైన తనకు ఒక్క గొంతైనా బదులు పలకకపోవడం అతనికి కాలి నొప్పికన్నా బాధగా అనిపించింది. కుంటుకుంటూ ఆ కోత వెంబడే నడిచాడు. గట్టు తగ్గిన చోట పైకి పాకి, చుట్టూ తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

గుంపంతా వాగు గట్టు మీదే, ఎక్కడివాళ్లు అక్కడ నిలబడి ఉంది.

"నా ఈల వినపడలేదా?"

"వినపడింది" అన్నాడు పుల్లన్న అనే ముసలి కుక్క.

"మరి రాలేదేం?"

"నిలబడమన్నారు, నిలబడ్డాం."

మద్దిలేటి ఒక్కొక్కరి వైపే చూశాడు. "నక్క అబద్ధమాడుతోందని మీకు..."

"తెలుసు."

ఇల్లు చేరేసరికి దుప్పి ఎముకలే మిగిలాయి. తిరుపాలు ఎప్పుడో జారుకున్నాడు. పిల్లలు ఆ ఎముకలు నాకుతుంటే పెద్దలెవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది మద్దిలేటికి. అంతమంది మధ్య కూర్చుని, వాగు కోతలో ఉన్నంత ఒంటరిగా ఉన్నాడు.

మర్నాడు ఓబులమ్మ దగ్గరికి వెళ్లాడు. "ఆ రోజు గాలి సంగతి నువ్వు చెప్పిందే నిజం. నీ మీద కోపం తీర్చుకోవడం నాది తప్పు. ఇకనుంచి నువ్వు అందరితోపాటే తిను. ఈల ఎవరైనా వేయొచ్చు. ఇవాళ ఎటు పోదాం?"

ఓబులమ్మ అతని మొహంలోకి చూసింది. "మీ ఇష్టం పెద్దన్నా" అంది.

ఆ రోజూ అంతే, ఆ తర్వాతా అంతే. అయినా అతను రోజూ పొద్దున్నే వచ్చి అదే ప్రశ్న అడిగి, జవాబు కోసం కాసేపు కూర్చుని లేచి వెళ్లేవాడు. మిగతావాళ్లు దూరం నుంచి చూసేవారు.

చివరికి ఒక పొద్దున ఓబులమ్మ నోరు విప్పింది. "మద్ది చెట్ల వైపు పోతే దొరుకుతాయేమో."

"పోదాం పద" అన్నాడు మద్దిలేటి.

ఎండలో పడి అంతా వెతికారు. కుందేలు కూడా దొరకలేదు. ఖాళీ కడుపులతో తిరిగి వచ్చాక గుంపంతా ఊపిరి బిగబట్టి మద్దిలేటి మొహం వైపు చూసింది. ఓబులమ్మ తానే వెనక్కి తగ్గి నిలబడింది.

మద్దిలేటి ఆమె పక్కన చతికిలబడ్డాడు. "నాకూ అటే ఉంటాయనిపించింది. రేపు ఎటు పోదామో అది కూడా నువ్వే చెప్పు."

అప్పుడు పుల్లన్న గొంతు సవరించుకున్నాడు. "పెద్దన్నా, తప్పుగా అనుకోనంటే... నాదొక మాట."

"అనుకోను, చెప్పు మామా" అంటూ మద్దిలేటి అతనికి చోటిచ్చి జరిగాడు.

చెప్పిన మాట తప్పయినప్పుడు కూడా చెప్పినవారికి చోటు మిగిలితేనే, నలుగురూ నోరు విప్పుతారు.