తీగ మీద మూడు చీరలు

పడుకుందువుగాని, ముందు నువ్వు చూసింది చెప్పు. సాయంత్రం మూతపడ్డ మందుల కొట్టు ముందు నుంచి వస్తుంటే తుమ్మావు కదా, ఆ మెట్ల మీద ఏం చూశావు? చీరా? పసుప్పచ్చదా? మరి దాని పక్కన మనిషిని? చూడలేదూ? అదేనే నా మంట. అందరికీ చీరే కనపడుతుంది. సరే, ఇటు జరుగు. ఊఁ కొడుతూ విను.

అనగనగా ఒక ఊళ్ళో, గాలి పీలిస్తేనే మిరపకాయల ఘాటు తగిలే ఊళ్ళో, ఒక మేడ ఉండేది. మేడ మీద నాలుగు గదులు, మనిషి మాత్రం ఒక్కతే, ఇంటావిడ. మిగతా గదుల్లో పావురాలు కాపురం ఉండేవి. మేడ కింద మాత్రం ఒకే ఒక్క గది. అందులో ముగ్గురు ఆడవాళ్ళు కలిసి అద్దెకుండేవాళ్ళు.

పెద్దది శేషారత్నం, మిషను కుట్టేది. రెండోది రాఘవమ్మ, హోటల్లో పిండి రుబ్బేది. మూడోది కోటమ్మ. పొద్దస్తమానం మిరపకాయలకి తొడిమలు తీసేది.

ఆ పనంటే ఏమనుకున్నావు? చేతులు నిప్పుల్లో పెట్టినట్టుంటాయి. ఆ చేత్తో కన్ను నలుపుకోకూడదు, పసిపిల్లని నిమరకూడదు. దగ్గి దగ్గి గొంతు జీరపోతుంది. ఘాటు చీరకి పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. అందుకని కోటమ్మ ముందు దొడ్లో స్నానం చేసి, చీర జాడించి బయట తీగ మీద ఆరేసి, ఆ తర్వాతే గడప దాటేది.

ఇంటావిడకి కళ్ళకి పొరలు. ముఖాలు ఆనవు, రంగులు ఆనుతాయి. మోకాళ్ళ నొప్పులతో కిందికి దిగేది కాదు. కోటమ్మేమో చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేది. అంచేత ఆవిడకి కిందివాళ్ళంటే తీగ మీద చీరలే. పొద్దున్నే పిట్టగోడ మీంచి వంగి చూసేది.

"ఆకుపచ్చ, ఎరుపు, పసుప్పచ్చ. ముగ్గురూ ఉన్నారు. నా ట్యాంకులో నీళ్ళు ముగ్గురికే. నాలుగో చీర కనపడిందా, అందరూ బజార్నే!"

అప్పుడు ఒకనాడు, జోరువానలో నాంచారి వచ్చింది. కోటమ్మా నాంచారీ ఒకే పల్లెలో పుట్టారు, ఒకే చేలో పత్తి తీశారు, ఒకే గిన్నెలో గంజి తాగారు. నాంచారి ఉంటున్న ఇంటివాళ్ళు సామాను వీధిలో పెట్టి తాళమేసుకున్నారట.

"శుక్రవారం దాకానే కోటీ, కాస్త తల దాచుకోనీ," అంది.

కోటమ్మ మిగతా ఇద్దరి వంకా చూసింది. "నీ మనిషి, నీ పూచీ," అంది శేషారత్నం. అప్పుడు కోటమ్మ తన చాపలో సగం ఇచ్చింది.

శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. నాంచారి వెళ్ళలేదు. "వానలు వెలిసేదాకా కోటీ," అంది. అప్పుడు కోటమ్మ తన వంతు బిందెలో సగం నీళ్ళు ఇచ్చింది.

ఆ తర్వాత వానలూ వెలిశాయి. "ఒక ఇంట్లో పని కుదిరిందే. నిలదొక్కుకునేదాకా ఉంటా. ఉన్నవి రెండు చీరలు. గదిలో ఆరేస్తే ముక్కవాసన వేస్తున్నాయి, వాళ్ళు గుమ్మంలోకి రానివ్వట్లేదు," అంది. అప్పుడు కోటమ్మ తీగ మీద తన చోటు ఇచ్చింది. నాంచారి నీలం చీర బయటికి వెళ్ళింది. కోటమ్మ మిరపకాయల చీర లోపలికి వచ్చింది.

"పసుప్పచ్చ ఏమైందే?" అని పైనుంచి ఇంటావిడ కేక.

"కోటమ్మ నీలం చీర కొనుక్కుందండీ!" అంది శేషారత్నం. కింద నలుగురూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కోటమ్మ కూడా నవ్వింది పిచ్చి తల్లి.

ఇహ చూడు, గదిలో ఒకటే దగ్గు. కిటికీ తీసినా ఘాటే, మూసినా ఘాటే. "ఇది ఇల్లా, తిరగమోత మూకుడా?" అంది రాఘవమ్మ. నాంచారి మాత్రం గది ఊడ్చేది, చారు కాచేది, శేషారత్నం కాళ్ళు పట్టేది. "ఆ పిల్ల వచ్చాక కొంప కొంపలా ఉంది. నీ చీరే మమ్మల్ని చంపుతోంది," అంది శేషారత్నం. ఆ చీర లోపలికి ఎందుకొచ్చిందో ఎవరికీ గుర్తులేదు. "కాస్త ఓపిక పట్టండే," అనేది కోటమ్మ.

ఆ దగ్గులు మేడ ఎక్కాయి. ఒక ఆదివారం పొద్దున ఇంటావిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి గుమ్మంలో నిలబడింది.

"ఎవరే ఆ దగ్గేది? తీగ మీద ముగ్గురే ఉన్నారు. ఆకుపచ్చ?"

"శేషారత్నాన్నండీ."

"ఎరుపు?"

"రాఘవమ్మనండీ."

"నీలం?"

కోటమ్మ నాంచారి వంక చూసింది. చాప అడిగి తీసుకుంది నాంచారి. నీళ్ళు అడిగి తీసుకుంది. తీగ అడిగి తీసుకుంది. ఇది మాత్రం అడగలేదు.

"కోటమ్మనండీ," అంది నాంచారి.

శేషారత్నం గచ్చు చూసింది. రాఘవమ్మ గోడ చూసింది. నిజం చెబితే నలుగురూ బజార్నే కదా. కోటమ్మ "నేనండీ, నేను..." అనబోయింది. గొంతులోంచి మాట రాలేదు, దగ్గొచ్చింది.

"ఇదన్నమాట దొంగచాటుగా దూరింది! ఇది పోతే లెక్క ముగ్గురే. నడువ్," అంది ఇంటావిడ.

అప్పుడు కోటమ్మ మూట కట్టుకుంది. తడి చీర భుజాన వేసుకుంది. నాంచారి వీధి గేటు దాకా వెంట వచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడానూ. "నాలుగు రోజులే కోటీ. ఆవిడ మర్చిపోయేదాకా. నేనే పిలుస్తా," అంది.

ఆ నాలుగు రోజులు ఇంకా కాలేదు. పైన పావురాలు అలాగే ఉన్నాయి. కోటమ్మ చీర ఆరేసుకోవడానికి మూతపడ్డ కొట్టు మెట్లు వెతుక్కుంటోంది.

చాప నాంచారికి, తీగ నీలానికి,
గదులు పావురాలకి, దగ్గు కోటమ్మకి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి.
మరి కోటమ్మ ఏ ఇంటికే, తల్లీ?